ఆయుష్షు అమ్మే చోట నా కుర్చీ

నా ఒంట్లో ఇప్పుడు పరవాలేదు. కాళ్ల వాపు తగ్గింది. అన్నం రుచి తెలుస్తోంది. నాంపల్లి స్టేషన్ రోడ్డులోని మా ఇంటి నుంచి అబిడ్స్ దాకా మధ్యలో ఒక్కసారి ఆగి నడవగలుగుతున్నాను. ఆస్పత్రి నుంచి బతికి బయటపడ్డవాళ్లు దేవుడికీ డాక్టర్లకీ దండం పెట్టి, అయిందేదో అయింది అంటారు. నేను అనను. నా కోపం తగ్గలేదు, తగ్గడానికి మందు కూడా వాడటం లేదు. నాలాంటివాళ్లు ఆ మెట్లు ఎక్కకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. ఆ మెట్ల పైన కూర్చున్న మనిషి చదవాలని కూడా రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. నా ఫిర్యాదు విచారణలో ఉంది, లాయరు వద్దన్నాడు. డాక్టరు అనే అంటాను. బోర్డు మీద అలాగే ఉంటుంది.

నుమాయిష్ రోజులు

ముప్పై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పనిచేశాను. రాసేవాళ్లు వేరే. మేము వాటిని దిద్ది, పేజీలో పట్టేట్టు కోసి, శీర్షిక పెట్టేవాళ్లం. చివరి పదేళ్లు ఆదివారం ఆరోగ్యం పేజీ నాదే. చావుల పేజీ కూడా నాదే. చిన్న ఫొటో, పేరు, వయసు, ఊరు, ఎవరెవరు సంతాపం తెలిపారు. వయసు దగ్గర అంకె తప్పుపడితే మర్నాడు ఇంటివాళ్లు ఫోన్ చేసి ఏడ్చేవాళ్లు. అందుకని ఆ అంకెను రెండుసార్లు చూసేవాణ్ని. రిటైరయ్యాక పేజీ పోయింది, అలవాటు మిగిలింది. పొద్దున్నే కాఫీ పట్టుకుని ఆ పేజీలో అంకెలే చదివేవాణ్ని. మొదట్లో అన్నీ ఎనభైలు, డెబ్భైలు. నాకు అరవై ఏడు వచ్చేసరికి నాకంటే చిన్నవాళ్లే ఎక్కువ కనిపించసాగారు. భయం వేసిందని ఎవరితోనూ అనలేదు. మా ఆవిడ సుగుణతో కూడా.

కిందటేడాది సుగుణ వాళ్ల చెల్లెల్ని వెంటబెట్టుకుని నుమాయిష్, అదే మా నాంపల్లి ఎగ్జిబిషన్, చూడటానికి వెళ్లింది. ఆ జనంలో నేను తిరగలేనని చెప్పి అబిడ్స్ వైపు నడిచాను. ఒక సందులో చెప్పుల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఆ కేంద్రం. వయసును వెనక్కి తిప్పుతామని బోర్డు. నవ్వుకుంటూనే ఎక్కాను. వరండాలో, కుర్చీల పైన, గోడకు అద్దం కట్టిన పత్రిక పేజీ ఒకటి వేలాడుతోంది. దగ్గరికెళ్లి చూస్తే నా పేజీయే. 'ముసలితనం జబ్బే, మందుంది' అన్న శీర్షిక నేను పెట్టిందే.

ఒక మాటను ఇద్దరు వేర్వేరుగా చెబితేగానీ నమ్మొద్దని డెస్కులో కొత్తగా చేరిన ప్రతివాడికీ పాఠం చెప్పినవాణ్ని నేను. ఆ రోజు నాకు ఇద్దరు చెప్పారు. ఒకరు డాక్టరు, రెండోది నా పేజీ. నా పేజీకి ఎవరు చెప్పారని అడగలేదు.

డాక్టరుకు యాభై దాటి ఉంటాయి, మొహం మీద ముడత లేదు. నా వయసు అడిగి, తల అడ్డంగా ఊపాడు.

"అది మీ పుట్టినరోజు లెక్క సార్. మీ కణాల వయసు వేరే ఉంటుంది. అది మన చేతిలోని పని."

"చావు కూడా మన చేతిలోదేనా?"

"చావు అలవాటు సార్, అంతే. సిగరెట్టులాంటిది. అందరూ చేస్తున్నారని మనమూ చేస్తున్నాం. ఎవరో ఒకరు ముందు మానాలి కదా. నూటయాభై ఏళ్లు బతికే మొదటి మనిషి ఇప్పటికే పుట్టేశాడు. అది మీరే ఎందుకు కాకూడదు?"

మంచి శీర్షికకు ఉండాల్సిన లక్షణాలన్నీ ఆ మాటల్లో ఉన్నాయి. వాళ్లు నింపించిన ఫారంలో బీపీకి గడి ఉంది, నిద్రకు గడి ఉంది, కిడ్నీకి లేదు. రెండేళ్ల కిందట మా వీధి డాక్టరు నా రిపోర్టు చూసి, కిడ్నీ కాస్త మందగించింది, ఆరు నెలలకోసారి చూపించుకోండి అన్న సంగతి నాకు గుర్తుంది. గడి లేదు కాబట్టి రాయలేదు. యావజ్జీవ సభ్యత్వం అని కార్డు ఇచ్చారు. మా డెస్కులో ఆ మాట జైలు శిక్షకు తప్ప వాడేవాళ్లం కాదు.

ఎండలు

వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, పసుపు రంగు సీసా చేతికి ఎక్కించేవాళ్లు. ఇంటికి మాత్రలు ఇచ్చేవాళ్లు. సుగుణకు లైబ్రరీకి వెళ్తున్నానని చెప్పేవాణ్ని. నిజం చెప్పాలంటే మొదటి రెండు నెలలు హాయిగానే ఉంది. మెట్లు ఎక్కుతుంటే తేలిక. చావుల పేజీ చదివినా గుండె దడ లేదు. ఆ ఫొటోల్లోవాళ్లు అలవాటు మానలేకపోయిన పాపం మనుషుల్లా కనిపించారు. అంత నీచంగా ఆలోచించానని రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఏప్రిల్ చివర్లో నోట్లో ఇనప రుచి మొదలైంది. ఆపైన ఒళ్లంతా దురద. తర్వాత చెప్పులు పట్టడం మానేశాయి. డాక్టరుకు పాదాలు చూపించాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

"మంచి గుర్తు సార్," అన్నాడు. "పాత కణాలు వదులుతున్నాయి. ఒంట్లోంచి పోయేముందు కాస్త గొడవ చేస్తాయి."

ఆ మాట నమ్మి ఇంకో నాలుగు సీసాలు ఎక్కించుకున్నాను. నా పగంతా ఆ నాలుగు సీసాల మీదే. మొదటివాటికి నా బుద్ధితక్కువ కారణం. ఆ నాలుగు మాత్రం ఆయన నా పాదం మీద గుంటను కళ్లారా చూసి ఎక్కించినవి.

ఒక ఉదయం మంచం మీద నుంచి లేచి కూర్చుంటే ఊపిరి అందలేదు. సుగుణ పక్కింటివాళ్లను పిలిచి ఆటోలో ఆస్పత్రికి చేర్చింది. నా చొక్కా జేబు వెతికితే కార్డు దొరికింది.

మృగశిర

కిడ్నీలు దాదాపు ఆగిపోయాయన్నారు. మళ్లీ పనిచేస్తాయో లేదో చెప్పలేమన్నారు. అప్పటిదాకా సోమ, గురువారాలు మెషీను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. మృగశిర కార్తె రోజున, ఉబ్బసానికి పంచే చేప మందు కోసం నాంపల్లికి వచ్చిన జనంలో మా ఆటో అరగంట ఆగిపోయింది. ఏటా ఆ జనం మీద ఎకసెక్కపు శీర్షికలు పెట్టినవాణ్ని. ఆ పూట ఆటోలోంచి చూస్తే, వాళ్లు ఊపిరి ఆడితే చాలని వచ్చినవాళ్లు. నేను చావనే చావకూడదని వెళ్లినవాణ్ని.

మెషీను హాలు బయట బెంచీల మీద ముందు వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు. అక్కడ నా పక్కన కూర్చునే మనిషి నర్సింహ, చాదర్‌ఘాట్ వైపు ఉండే రిటైరైన గుమాస్తా. నాలుగేళ్లుగా మెషీను మీద ఉన్నాడు. నీళ్లు తాగకూడదన్న షరతుకు నేను విలవిలలాడుతుంటే, ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకున్న ఐసు ముక్కల్లో ఒకటి నా చేతిలో పెట్టాడు.

"నమలకు సార్. చెంపల పెట్టుకో. గంట నడుస్తది."

నా కథ విని చాలాసేపు నవ్వాడు.

"నూటయాభై ఏండ్లా? ఏంది సార్ నువ్వు, గన్నేండ్లు ఏం జేస్తవు? నాకు సోమవారం నుంచి గురువారం దాక నడిస్తే సాలు. గురువారం కాడ మల్ల చూసుకుందం."

నేను నవ్వలేదు. సుగుణ నవ్వింది. నెల రోజుల్లో అదే మొదటిసారి. ఇంటికొచ్చాక మాత్రం నన్ను వదల్లేదు.

"ఒక్కటి చెప్పండి. నూటయాభై ఏళ్లు ఎవరితో బతుకుదామని?"

"అంటే?"

"కార్డు మీద మీ పేరొక్కటే ఉంది. నన్ను అడిగారా, నాకెన్నాళ్లు బతకాలనుందో? నేను పోయాక ఇంకో డెబ్భై ఎనభై ఏళ్లు మీరు ఒక్కరూ ఉందామనేగా?"

అలా ఆలోచించలేదన్నాను. నిజంగానే ఆలోచించలేదు. దానికే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. పదిహేను రోజులు ఉప్పు లేని కూర వడ్డించి అవతలి గదిలోకి వెళ్లిపోయేది. అమ్మాయి ఖైరతాబాద్‌లో ఆఫీసు అవగానే వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చునేది, ఇటు మాటలు అటు మోసేది.

ఆ రోజుల్లోనే పద్మ చూడటానికి వచ్చింది. ఆరోగ్యం పేజీకి ఆమే రాసేది, ఇప్పుడు ఇంకో చోట పనిచేస్తోంది. ఆ గోడ మీది కథనం ఆమెదే. బత్తాయిలు తెచ్చింది. నేను తినకూడదని సుగుణ లోపల పెట్టింది. పలకరింపులు కాగానే నేను అందుకున్నాను.

"నీ కథనం చూసే నమ్మానమ్మా ఆ చోటిని. అలా ఎలా రాశావు?"

పద్మ తన చేతుల వైపు చూసుకుంది.

"సార్, నేను రాసినదాంట్ల చివరి పేరా ఒకటుండె. కిడ్నీ తేడా ఉన్నోళ్లు, షుగర్ ఉన్నోళ్లు దీని జోలికి పోవద్దని పెద్ద దవాఖాన డాక్టర్‌ను అడిగి మరీ రాసిన. పేజీల రాలే."

"ఎందుకు రాలేదు?"

"మీరే కోసిన్రు సార్. చీరల యాడ్ వచ్చిందని."

మా పనిలో కోత ఎప్పుడూ కింది నుంచే. యాడ్ వస్తే వార్త అడుగు నుంచి ఎంత కావాలో అంత తీసేస్తాం. ముఖ్యమైనది పైన ఉంటుంది, జాగ్రత్తలు కింద ఉంటాయి. అందుకే తెలుగు పత్రికల్లో చోటు చాలనప్పుడల్లా ముందు పోయేది జాగ్రత్తే. ఎన్ని పేజీల్లో ఎన్ని జాగ్రత్తలు నేను కోశానో నాకే తెలియదు.

"మర్నాడు నేను అడిగిన," అంది పద్మ. "మీరేమన్నరో యాదికుందా?"

"లేదు."

"చివరి పేరా ఎవరు చదువుతారమ్మా అన్నరు."

సుగుణ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. లోపలికి వెళ్లి పద్మకు కాఫీ తెచ్చింది, నా మొహం చూడకుండా. ఆ రోజు నుంచి మాత్రం కూరలో ఆస్పత్రివాళ్లిచ్చిన పట్టీ ప్రకారం ఎంత పడాలో అంత ఉప్పు పడింది. జాలిపడిందో, ఇక తిట్టడానికి ఏమీ మిగల్లేదనుకుందో.

పగ తీర్చుకోవలసినవాళ్లు ఇద్దరని నాకు ఆ పూట తెలిసింది. ఇద్దరిలో నా సంగతి మెషీను చూసుకుంటోంది. రెండోవాడు అబిడ్స్‌లో చల్లగా ఉన్నాడు.

వినాయక చవితి ముందు

ఆగస్టులో కిడ్నీలు కొంత తేరుకున్నాయి. మెషీను అక్కర్లేదన్నారు. నర్సింహతో ఆ మాట చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆయనే చూసి, "పో సార్, మల్ల గీడ కనవడకు," అని ఫ్లాస్కు మూత తీసి ఐసు ముక్క చేతిలో పెట్టాడు. ఆయన ఇప్పటికీ సోమ, గురువారాలు వెళ్తున్నాడు.

ఫిర్యాదు పెట్టాను. పత్రికలో రాయిద్దామని చూస్తే, నా తర్వాత నా కుర్చీలోకి వచ్చినవాడు "విచారణలో ఉంది కదా సార్" అన్నాడు. నేనైనా అదే అనేవాణ్ని. అప్పుడు కార్డు గుర్తొచ్చింది. ఒక మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, నా పేజీ కింద ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"అపాయింట్‌మెంట్ ఉందా సార్?" అంది కౌంటర్లో అమ్మాయి.

"సభ్యత్వం ఉందమ్మా. యావజ్జీవం. సభ్యులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చని కార్డు వెనకాల రాశారు. చదువు."

చదివింది. లోపలికెళ్లి అడిగింది. బయటికి గెంటితే పది మందీ చూస్తారు. ఊరుకున్నారు. ఆ రోజు నుంచి ప్రతి మంగళ, శుక్రవారాలు వెళ్తున్నాను. వచ్చినవాళ్లను పలకరిస్తాను. మీదేవూరు, ఏం చేస్తారు అని మొదలుపెట్టి, గోడ మీది పేజీ చూపించి, అందులో లేని పేరా వినిపిస్తాను. అది కోసినవాణ్ని నేనేనని కూడా చెబుతాను. పాదం మీద గుంట సంగతి చెబుతాను. కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. ఒక పెద్దాయన "నీకు పడలే, నాకు పడ్తది, నువ్వు మధ్యల ఎవ్వరు?" అని లోపలికి పోయాడు. డాక్టరు గది తలుపు తీసినప్పుడల్లా ముందు నన్నే చూస్తాడు. ఆ చూపు కోసం నేను వారమంతా ఎదురుచూస్తాను. దాచడం ఎందుకు.

సుగుణకు ఇది నచ్చలేదు.

"మందు మానేశారు, వాడి గుమ్మం మాత్రం మానలేదు. ఎన్నాళ్లు వెళ్తారు?"

"వాడు మూసేదాకా. లేకపోతే వాడు పోయేదాకా."

"అయితే వాడి మందు బాగానే పనిచేస్తోంది. వాడికంటే ఒక్కరోజైనా ఎక్కువ బతకాలని పళ్లు బిగించి కూర్చున్నారుగా."

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. మనిషి చావు లేకుండా బతకాలా అని ఎవరైనా ఇప్పుడు నన్ను అడిగితే, చావుల పేజీ చూసినవాడిగా ఒకటి చెబుతాను. ఆ పేజీ వల్లే మిగతా పేజీల్లో మొహాలు మారుతుంటాయి. ఆ పేజీ తీసేస్తే మొదటి పేజీలో ఎప్పటికీ వాళ్లే ఉంటారు. కుర్చీల్లో ఉన్నవాళ్లు లేవరు. ఏమీ లేనివాడికి పెద్దవాడి మీద ఉన్న ఒకే ఒక్క భరోసా, ఏదో ఒకనాడు వాడి ఫొటో కూడా ఆ చిన్న గడిలోకి వస్తుందన్నదే. దాన్ని కూడా డాక్టరు అమ్మకానికి పెట్టాడు. నా సంగతి అంతకంటే సులువు. నాకు నూటయాభై ఏళ్లు ఇస్తే, ఇంకో ఎనభై ఏళ్లు నేను ఆ కుర్చీలో కూర్చుంటాను. నాలాంటివాడికి అంత ఆయుష్షు ఇవ్వకూడదు.

దసరా తర్వాత

అనసూయమ్మ ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. బేగం బజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం వాళ్లది, భర్త పోయాక ఆమే చూసుకుంటోంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. పక్కన కొడుకు కిట్టు, ముప్పై ఏళ్లవాడు. తెల్ల చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని, తల్లి కొంగు చివర రెండు వేళ్లతో పట్టుకుని కూర్చున్నాడు. పుట్టుకతోనే మాట తక్కువ, బుద్ధి ఎదగలేదు. ఫ్యాన్ తిరగడం చూస్తూ తనలో తను నవ్వుకుంటున్నాడు.

"షుగర్ ఉందామ్మా?" అని మొదలుపెట్టాను.

"ఉంది. పదేండ్లాయె."

నా పేరా మొత్తం చెప్పాను. పాదం గుంట, మెషీను, ఐసు ముక్క అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"మీకు పిల్లలెందరు సార్?"

"ఒక్క అమ్మాయి. ఖైరతాబాద్‌లో ఉద్యోగం."

"బువ్వ తనే కలుపుకుంటదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"వీనికి నేనే కలిపి పెట్టాలె. వేరేటోళ్లు పెడితే నోరు తెరవడు. మా మరదలు రెండు దినాలు చూసి మా వల్ల కాదని చెప్పింది. నాకేం నూటయాభై ఏండ్లు ఒద్దు సార్. వీనికి ఎన్నేండ్లుంటే గన్నేండ్లు, మీద ఒక్క దినం. గా ఒక్క దినం ఈడ దొరుకుతదేమోనని వచ్చిన. మీరు చెప్పింది నిజమే గావచ్చు. గని నేను ఏడికి పోవాలె?"

డాక్టరు మీద కోపంతో నేను వెనక్కి పంపినవాళ్లలో ఇలాంటివాళ్లు ఇంకెందరున్నారో నేను అడగలేదు. నా పేరా నేను చెప్పానంతే.

అప్పుడే తలుపు తీసుకుని డాక్టరు బయటికొచ్చాడు. విచారణకు పిలుపు వచ్చిందని మా లాయరు చెప్పాడు, డాక్టరుకూ అది అందినట్టుంది. వరండాలో ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ల ముందే చేతులు జోడించాడు.

"సార్, మీరు మా నాన్నగారిలాంటివారు. ఎక్కడో పొరపాటు జరిగింది. కూర్చుని మాట్లాడుకుందాం. ఆ కాగితం వెనక్కి తీసుకోండి."

అని వంగి, రెండు చేతులతో నా పాదాలు పట్టుకున్నాడు.

మనలో కాళ్లకు దండం పెట్టినవాణ్ని దీవించకుండా ఉండరు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, నాకు సరిపడనివాళ్లు కూడా వంగితే చెయ్యి దానంతటదే లేచేది, నూరేళ్లు చల్లగా ఉండమని నోరు దానంతటదే అనేది. ఆ పూట కూడా నా చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. లేచిన చేతిని చూసి, తిరిగి మోకాలి మీద పెట్టుకున్నాను.

ఆయన వంగే ఉన్నాడు. తల మీద చెయ్యి పడేదాకా లేవకూడదు కదా. వరండాలో ఎవరూ కదల్లేదు. కౌంటర్లో అమ్మాయి రాయడం ఆపింది. ఆయన మెడ వెనక చెమట పట్టడం కనిపించింది. చూస్తూ కూర్చున్నాను. తొందరేం లేదు.

చివరికి తలెత్తాడు. "దీవించండి సార్."

"నూటయాభై ఏళ్లు నువ్వే ఇస్తావుగా," అన్నాను. "నా దీవెన నీకెందుకు?"

ఒక పెద్దాయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. ఆయన వెనకే భార్యాభర్తలిద్దరు లేచారు. ఇన్ని నెలలు నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పినదానికంటే, ఒక ముసలివాడు దీవించకపోవడం వాళ్లకు బాగా అర్థమైంది. నాకు చెప్పలేనంత సుఖం కలిగింది. అబద్ధం ఆడను.

అనసూయమ్మ కూడా లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను. కిట్టును భుజం పట్టి నా ముందుకు తెచ్చి, వంగమని నొక్కింది. వాడు గొంతుక్కూర్చుని నా పాదాల మీద రెండు అరచేతులూ బోర్లా పెట్టి, తల్లి వైపు చూశాడు.

"ఆయనకు ఇయ్యనిది వీనికియ్యండి సార్," అంది. "గని నూరేండ్లు అనకండి."

నాకు వచ్చిన దీవెనలన్నిటిలోనూ నూరేళ్లే ఉంది. వేరేది రాదు. ఆమె నా నోటి వైపే చూస్తోంది. కిట్టు తల మీద చెయ్యి వేశాను. ఒత్తుగా నూనె పెట్టి, పాపిడి నీటుగా తీసి ఉంది. ఒకరి ఆయుష్షుకు హద్దు పెట్టి దీవించడం ఎప్పుడూ చేయలేదు.

"అమ్మ ఉన్నన్నాళ్లూ ఉండు," అన్నాను.

ఆమె కళ్లు మూసుకుని ఒకసారి తలూపింది. వెంట తెచ్చుకున్న రిపోర్టుల ఫైలు సంచిలో పెట్టుకుంది. కిట్టు మళ్లీ కొంగు చివర పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగడం, కింద రోడ్డు చప్పుడులో కలిసిపోయేదాకా వింటూ ఉన్నాను.

డాక్టరు ఇంకా నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆ చోటు సాయంత్రం ఆరింటిదాకా తెరిచే ఉంటుంది.